ఏడో నిమిషం దాకా

గాంధీనగర్‌లో మేడ మీద సినిమా ఆఫీసు,
కింద రిక్షాలు. రీలు డబ్బాలు మోసేవాణ్ణి నేను.
పాత ఫిలిం పులిసిన చింతపండు వాసనేస్తుంది.
గుడివాడకొకటి, నూజివీడుకొకటి, తెనాలికొకటి.
ఏ డబ్బాలో ఎవరు చస్తారో, ఎవరికి పెళ్లవుతుందో
ఎత్తి చూసి చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ణి.
ఉత్తిది. అన్నీ ఒకటే బరువు.

ఒక్కసారి మాత్రం నిజం.
మొదటి డబ్బాలో మా అక్క కొడుకున్నాడు.

జోజి. గుణదల కొండ కింద పుట్టాడు.
వాళ్ల నాన్న ఆటోనగర్‌లో
లారీల వెనక తలుపులకు హంసలు గీసేవాడు.
క్రిస్మస్ నాటకంలో వీడు మూడో గొర్రె.
గొర్రెకు మాటలుండవు గదా,
ఊడిపోతున్న దూదిని ఒక చేత్తో పట్టుకుని
పశువుల తొట్టిలోకి తొంగిచూసి నవ్వాడు.
ముందు వరసలో చుట్టపుచూపుగా వచ్చిన
ప్రొడక్షన్ మేనేజరెవరో
ఆ నవ్వును కొబ్బరికాయలా
చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

మాస్టర్ జయంత్ అన్నారు.
"గుళ్లో పెట్టిన పేరయ్యా" అంది అక్క.
తెర మీదే కదమ్మా అన్నారు.
రెండు వేలూ ఒక సైకిలూ అన్నారు.
సైకిలు ఇప్పటికీ రాలేదు.

కృష్ణలో నీళ్లు లేని మే నెల.
రైలు వంతెన కింద ఇసక మీద
నాన్నను చంపినవాళ్లు తరుముతుంటే పరిగెత్తాలి.
పరిగెత్తాడు. మళ్లీ అన్నారు.
పరిగెత్తాడు. మళ్లీ.
పదకొండోసారికి అరికాళ్లు బొబ్బలెక్కాయి.
"బాగా ఏడుస్తున్నాడు, అది ఉంచండి" అన్నాడు డైరెక్టరు.

ఏలూరు రోడ్డు హాల్లో బాల్కనీ టికెట్లు,
ఇంటిల్లిపాదీ.
వాడి పాదాలు, వాడి పాదాలు,
ఇసక,
వాడి పాదాలు,
అంతలో బూట్లు.
కెమెరా పైకి లేస్తే హీరో.
ఈలలు, చిల్లర, చించిన కాయితాలు.
అక్క నా వైపు వంగి మెల్లిగా అడిగింది:
"మరి వాడేడీ?"

ఇంకో నాలుగు సినిమాలు చేశాడు.
ఒకదాంట్లో సైకిలు పెడలు, ఒకదాంట్లో కాలేజీ మెట్లు,
ఒకదాంట్లో కాలవలో మునిగాడు, తేలింది వేరేవాడు.
ఏడో నిమిషానికల్లా
ఎవడో పెద్దవాడు వీడిలోంచి లేచి వెళ్లిపోయేవాడు.

పదమూడో ఏట గొంతు పగిలింది. మూతి మీద మసి.
మేనేజరు వచ్చాడు, చూశాడు,
కాఫీ తాగి బావుందని చెప్పి వెళ్లాడు.
పదిలో లెక్కలు తప్పితే బళ్లో మాస్టారు
"పెద్దయ్యాక హీరో వచ్చి రాస్తాళ్లే" అన్నాడు.
క్లాసంతా నవ్వింది. వీడూ నవ్వాడట,
అదే నవ్వు.

తర్వాత లారీలకు రంగులు.
హైదరాబాదు బస్సు. గుంపులో నిలబడ్డం. తిరుగు బస్సు.
డబ్బాలు పోయి డిస్కులొచ్చాయి,
నేను జిరాక్సు షాపు పెట్టుకున్నాను.
ఆ ఏళ్ల గురించి వాడు చెప్పడు, నేనడగను.

పోయిన నెల ఫోను.
"రెండో హీరో, మామయ్యా. భవానీపురం ఘాట్ దగ్గరే, రా."
వెళ్లాను.
చిట్టినగర్ నుంచి ఒక పిల్లాణ్ణి తెచ్చారు,
వీడి చిన్నతనం వాడట.
ముక్కు కలవదు, చెవులసలు కలవవు.
జోజి ఇసకలో మోకాళ్ల మీద కూచుని
వాడి అరికాళ్లకు కొబ్బరినూనె రాస్తూ
ఏదో చెబుతున్నాడు.
దూరానికి నాకు వినబడలేదు.
తర్వాత అడిగితే అన్నాడు:
"కట్ అన్నా ఆగొద్దన్నా.
కెమెరా దాటాక నేనుంటా, నా దాకా వచ్చెయ్ అన్నా."

పరిగెత్తాడు పిల్లాడు.
కట్ అన్నారు.
ఆగలేదు.
గొడుగులు దాటి, కుర్చీలు దాటి,
చేతులు చాచి నిలబడ్డ జోజిని కూడా దాటేసి
జామకాయల బండి వైపు వెళ్లిపోయాడు.
ఎవరో తిడుతున్నారు.
చాలాసేపటి దాకా
వాడు కనబడుతూనే ఉన్నాడు.